గోల్ కీపర్‌ని పంపించెయ్యాలి

మా జట్టు ఈ ఏడాది పద్నాలుగు జట్లలో పదమూడో స్థానం దక్కించుకుందని అభిమానులకు సగర్వంగా తెలియజేస్తున్నాం. పద్నాలుగో జట్టు తమ స్టేడియం పైకప్పు కూలడంతో సగం మ్యాచ్‌లు ఆడనే లేదని గిట్టనివాళ్ళు పదే పదే గుర్తుచేస్తున్నారు. అది ఆ జట్టు సొంత విషయం. అందులో మేం తలదూర్చం.

సీజన్ ముగిసింది. మళ్ళీ బంతి కదలడానికి మూడు నెలల వ్యవధి ఉంది. ఆటగాళ్ళకు అది విశ్రాంతి కాలం, మాకు అదే అసలు సీజన్. ఆటలు జరిగే రోజుల్లో మాకు కొంత ఇబ్బంది ఉంటుంది. మేం ఒకటి చెబుతాం, మైదానంలో వెంటనే ఇంకొకటి జరిగి మా మాట పోతుంది. ఆటలు లేనప్పుడు ఆ బెడద లేదు. మంగలి షాపు బెంచీ మీద కూర్చుని ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో, ఎవరిని తేవాలో ఎంతసేపైనా తేల్చవచ్చు.

మాలో అందరికన్నా లోతైన మనిషి కళ్ళజోళ్ళ షాపాయన. వయసు యాభై రెండు. జీవితంలో ఆయన ఫుట్‌బాల్‌ను ఒక్కసారే తన్నారు, అదీ షాపు ముందు స్కూటరుకు అడ్డంగా పడి ఉందని. అయినా ఆయనంత అవగాహన ఉన్నవాళ్ళు మాలో లేరు. షాపు వెనక చీకటి గదిలో ఆయనకు కంటి పరీక్ష యంత్రం ఒకటుంది. దాని మీద గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తాకించి, బొమ్మలా కూర్చోవాలి. అలా కూర్చున్న మనిషికి ఆయన జట్టు కూర్పు మొత్తం వివరించేవారు. "కుడివైపు డిఫెన్స్ బొత్తిగా డొల్ల. ఏమంటారు? కదలకండి." కదలకూడదు గనక ఎవరూ తల అడ్డంగా ఊపలేదు. ఆ రకంగా ఊళ్ళో ఆయన అభిప్రాయాలకు వ్యతిరేకత లేకుండా పోయింది.

ఆఖరి మ్యాచ్ అయిన వారానికే ఆయన క్లబ్బుకు నలభై ఒక్క పేజీల వినతిపత్రం రాశారు. పంపించాల్సినవాళ్ళు పదకొండుమంది, తెచ్చుకోవాల్సినవాళ్ళు పదకొండుమంది, మార్చకూడనిది జెర్సీ రంగు. ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీనుంచి వచ్చి, భోజనాల బల్ల నిండా పరిచిన కాగితాలు చూసి, "ఏమండీ, వంటింట్లో కుళాయి పది రోజులుగా కారుతోంది. ఆ డిఫెన్స్ సంగతి కూడా కాస్త చూడకూడదూ?" అంది. దార్శనికుల ఇళ్ళలో ఇలాంటి చిన్నచూపు మామూలే.

వినతిపత్రంలో మొదటి పేజీ, మొదటి వాక్యం: గోల్ కీపర్‌ని పంపించెయ్యాలి.

గోల్ కీపర్ గురించి కాస్త చెప్పాలి. ముప్ఫై ఆరేళ్ళవాడు. పదకొండేళ్ళుగా మా గోల్ ముందు నిలబడుతున్నాడు. మొదటి ఎనిమిదేళ్ళూ మేం అతన్ని 'అడ్డుగోడ' అని పిలిచాం, అతని బొమ్మ ఉన్న టోపీలు పెట్టుకుని తిరిగాం. తర్వాత ఏమైందోగాని, దూరంనుంచి కొట్టిన బంతులు అతను చేయి ఎత్తేలోపు వలలో పడడం మొదలైంది. దాంతో పేరు 'తలుపు' అని మార్చాం. టోపీలు మాత్రం ఎండకు పనికొస్తాయని ఉంచుకున్నాం. ఈ సీజన్‌లో యాభై ఎనిమిది గోల్స్ పడ్డాయి. యాభై ఎనిమిదిసార్లూ స్టాండులోనో, టీవీ ముందో కళ్ళజోళ్ళాయన లేచి నిలబడి, "నీకు కళ్ళు కనపడట్లేదురా!" అని అరిచారు. మేమంతా గొంతు కలిపాం. ఆటలో అభిమానుల పాత్ర అటువంటిది.

క్లబ్బు కార్యదర్శి వివేకవంతుడు. జనం కోపాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి, తన గదిలో చోటు లేదు. అందుకని 'అభిమానుల గౌరవ సలహాదారు' అనే పదవిని సృష్టించి, దానికి కళ్ళజోళ్ళాయనను నియమించారు. జీతం లేదు. బ్యాడ్జి ఉంది. నియామక సభలో కార్యదర్శి గంభీరంగా ప్రసంగించారు.

"ఈ క్లబ్బుకు యజమాని ఎవరు? నేనా? కాదు! డైరెక్టర్లా? కానే కాదు! మీరు! కాబట్టి ఇకమీదట జరిగే ప్రతి తప్పుకూ... ప్రతి నిర్ణయానికీ బాధ్యులు మీరే!"

ఆ మధ్యలో ఆయన మాట దిద్దుకోవడం మేం గమనించలేదు. అప్పటికి చప్పట్లు కొడుతున్నాం.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య బ్యాడ్జిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంతో ఏం చేస్తారండీ?"

"సలహాలిస్తాను."

"ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"సలహాలే ఇచ్చాను. ఇప్పుడు వింటారు."

"వింటారా?" ఆవిడ బ్యాడ్జిని బల్ల మీద పెట్టింది. "అయితే ఇకనుంచి కాస్త జాగ్రత్తగా మాట్లాడండి."

నిజంగానే విన్నారు. వారం తిరక్కుండానే మొదటి సలహా ఆమోదం పొందింది. గోల్ కీపర్ స్థానంలో ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి తెచ్చారు. ఆరడుగుల ఐదంగుళాలు. అతను గోల్స్ ఆపుతున్న నాలుగు నిమిషాల వీడియోను కళ్ళజోళ్ళాయన మాకు ముప్ఫైసార్లు చూపించారు. ప్రతిసారీ ఆపాడు. అంతటి నిలకడ మేం ఇంతవరకూ ఎవరిలోనూ చూడలేదు.

ఇక పాతవాడికి ఉత్తరం ఇవ్వాలి. కార్యదర్శి దాన్ని టైపు చేయించి కలం అందించారు. "సలహా మీది. సంతకం కూడా మీదైతేనే ప్రజాస్వామ్యం నిండుగా ఉంటుంది. పోస్టులో పంపితే బాగుండదు, మీ చేతులమీదుగా ఇవ్వండి." ఉత్తరంలో భాష ఎంతో మర్యాదగా ఉంది. 'పరస్పర గౌరవంతో, మీ ఉజ్జ్వల భవిష్యత్తును ఆకాంక్షిస్తూ' అని మొదలై, 'తక్షణమే' అని ముగిసింది.

ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళాయన బయల్దేరారు. గోల్ కీపర్ ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆటగాళ్ళ దమ్ము గురించి ఏడు పేజీలు రాసిన మనిషి రెండో అంతస్తులో మెట్ల రెయిలింగు పట్టుకుని ఆగిపోయారు. తలుపు గోల్ కీపర్ భార్య తీసింది. బ్యాడ్జి చూసి ఆమె మొహం విప్పారింది.

"రండి అన్నయ్యగారూ. ఆయన బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నారు. ఏమండీ, క్లబ్బునుంచి వచ్చారు! కొత్త కాంట్రాక్టేమో!"

గోల్ కీపర్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి, కళ్ళు చికిలించి చూసి, నాలుగడుగులు దగ్గరికి వచ్చాకగాని, "మీరా సార్!" అనలేదు. కుడిచేతి రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. ఎప్పుడో ఒక ఫైనల్‌లో విరిగాయి. ఆ రోజు మేం అతన్ని భుజాల మీద మోశాం. ఆ వేళ్ళతోనే ఉత్తరం విప్పి రెండుసార్లు చదివాడు. భార్య అతని మొహం చూసి, మంచినీళ్ళు తెచ్చి అతిథి ముందు పెట్టింది.

"సంతకం మీదేనా సార్?"

"ఊఁ."

"తప్పేం లేదు సార్. నాకే తెలుస్తోంది, నావల్ల కావట్లేదు. బంతి వాళ్ళ కాలు దగ్గర బయల్దేరినప్పుడు కనపడదు. దగ్గరికొచ్చాక ఉన్నట్టుండి పుడుతుంది. వయసు కదా."

కళ్ళజోళ్ళాయన గ్లాసు కింద పెట్టారు. "ఉన్నట్టుండి పుడుతుందా?"

"ఇరవై గజాలు దాటితే అంతా మంచు పట్టినట్టుంటుంది సార్."

ఆయన అతన్ని చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్ళారు. "ఎదురుగా ఆ బోర్డు మీద ఏం రాసుందో చదువు బాబూ."

"ఏ బోర్డు సార్?"

వీధికి అవతల ఫర్నిచర్ షాపు మీద ఒక్కో అక్షరం మనిషంత ఎత్తున ఉంది.

మర్నాడు షాపులో పరీక్ష జరిగింది. ఆ యంత్రం ముందు కూర్చున్నవాళ్ళలో జట్టు కూర్పు గురించి వినకుండా లేచిన మొదటి మనిషి ఆ గోల్ కీపరే. రెండు కళ్ళకూ దూరపుచూపు తగ్గింది. మూడేళ్ళనుంచీ తగ్గుతూ వచ్చి ఉండాలి. క్లబ్బు డాక్టరు ఏటా మోకాళ్ళు, గుండె, బరువు, ఆఖరికి పళ్ళు కూడా పరీక్షించేవాడు. కళ్ళ గడి ఆ ఫారంలో లేదు.

"మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం బాబూ?" అన్నారు ఆయన.

గోల్ కీపర్ మొహమాటంగా నవ్వాడు. "మీరంతా అరిచేవారు కదా సార్, కళ్ళు కనపడట్లేదని. తిట్టనుకున్నాను. నిజమే చెబుతున్నారని తెలిస్తే అప్పుడే మీ దగ్గరికి వచ్చేవాణ్ణి."

కళ్ళజోళ్ళాయన తన అద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు. ఇరవై ఆరేళ్ళుగా చూపు తగ్గినవాళ్ళను నడకతోనే పసిగట్టే మనిషి. మూడేళ్ళు స్టాండులో కూర్చుని ఒకే ఒక్క మనిషి కళ్ళ గురించి గొంతు పోయేలా అరిచి, ఒక్కసారి కూడా ఆ మాట తానే వినలేదు.

లెన్సులు పెట్టుకుని గోల్ కీపర్ షాపు గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. వచ్చే బస్సు నంబరు చదివాడు. అవతలి మేడ మీద కిటికీలు లెక్కపెట్టాడు. తర్వాత వీధి అవతలి చెట్టుకేసి చూశాడు.

"ఆ చెట్టుకు ఆకులు విడివిడిగా ఉన్నాయి సార్," అన్నాడు చివరికి.

కళ్ళజోళ్ళాయన షాపు మూసి నేరుగా కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, పరీక్ష కాగితం బల్ల మీద పెట్టి, సలహాను వెనక్కి తీసుకుంటున్నానన్నారు. కార్యదర్శి ఎంతో నొచ్చుకున్నారు.

"మీ సలహాను క్లబ్బు గౌరవించింది. గౌరవించినదాన్ని వెనక్కి తీసుకోవడం క్లబ్బు సంప్రదాయంలో లేదు. పైగా అభిమానులు ఇప్పటికే ఆనందించేశారు. ఆ ఆనందాన్ని ఎలా వాపసు తీసుకోమంటారు?"

అక్కణ్ణుంచి ఆయన మా దగ్గరికి వచ్చారు. మంగలి షాపులో మేం తొమ్మిదిమందిమి ఉన్నాం, ఒకడి మొహం నిండా సబ్బు నురుగు. ఆయన జరిగిందంతా చెప్పారు. మేం నిర్ఘాంతపోయాం.

"అంటే కళ్ళు కనపడనివాణ్ణి మూడేళ్ళు మోశామా!" అన్నాడు లిఫ్టు మెకానిక్కు. "ఎంత మోసం!"

"అతనికే తెలీదయ్యా. ఇప్పుడు బ్రహ్మాండంగా కనపడుతోంది. మనం వెళ్ళి ఒక్కమాట అడిగితే ఉంచుకుంటారు. తొమ్మిదిమందిమి చాలు."

"ఇప్పుడు కనపడితే ఏం లాభం? పంపించేశాం కదా," అన్నాడు నురుగు మొహంవాడు. ఆ తర్కానికి మేమంతా తలలూపాం.

"తప్పు నాదే," అన్నారాయన. "నేనే రాశాను, నేనే సంతకం పెట్టాను. ఈ ఒక్కసారికి నా మాట వినండి."

తప్పు ఒప్పుకున్న మనిషి మాట ఎవరు వింటారు? ఆయన మెత్తబడ్డారని, బహుశా అమ్ముడుపోయారని, అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించాం. బ్యాడ్జి వెనక్కి తీసుకున్నాం. ఆ వారం ఒక్కరం కూడా ఆయన షాపు మెట్లెక్కలేదు. భార్య మాత్రం ఆ రాత్రి భోజనం వడ్డిస్తూ, "ఇన్నేళ్ళలో మీరు మాట్లాడిన మొదటి పనికొచ్చే మాట అదేనండీ," అందట.

గోల్ కీపర్‌ని పక్క ఊరి జట్టు తీసుకుంది. ఆ ఊరికీ మనకూ మాటల్లేవని మీకు తెలిసిందే. కొత్త సీజన్‌లో మొదటి మ్యాచ్ మా మైదానంలో వాళ్ళతోనే పడింది.

మా కొత్త కీపర్ బ్రహ్మాండంగా ఆడాడు, నాలుగు నిమిషాలు. మిగిలిన ఎనభై ఆరు నిమిషాల్లో నాలుగు గోల్స్ పడ్డాయి. అవతలి గోల్ దగ్గర మా పాత తలుపు మూసుకుపోయింది. మావాళ్ళు పదకొండుసార్లు గురిపెట్టి కొట్టారు. ముప్ఫై గజాలనుంచి కొట్టిన బంతికి కూడా అతను ముందే కదిలి, అక్కడ ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. పదకొండూ ఆపాడు. స్టాండులో మేం మొదటి సగంలో అతన్ని ద్రోహి అన్నాం. రెండో సగంలో, "అసలు ఇలాంటివాణ్ణి ఎవడు పంపించాడురా?" అన్నాం. అలా అంటున్నప్పుడు అందరం ఒకే వరుసకేసి చూశాం. అక్కడ కళ్ళజోళ్ళాయన ఒంటరిగా నిలబడి, అవతలి జట్టు కీపర్‌కి చప్పట్లు కొడుతున్నారు.

విజిల్ మోగాక గోల్ కీపర్ అలవాటు ప్రకారం మా స్టాండు ముందుకు వచ్చాడు. ప్రతి మ్యాచ్ అయ్యాకా అలా వచ్చి, చేతులెత్తి దండం పెట్టి వెళ్ళేవాడు. ఎన్ని గోల్స్ పడినా, మేం ఎన్ని మాటలన్నా మానలేదు. ఈ మూడేళ్ళూ అక్కడినుంచి అతనికి మేం ఒక రంగులా మాత్రమే కనిపించి ఉంటాం, మా జెర్సీ రంగులా. దండం దానికే పెట్టి ఉంటాడు. ఆ రోజు మొదటిసారి మా మొహాలు కనిపించాయి. ఎత్తబోయిన చేతులు సగంలోనే ఆగాయి. ఒక్కో వరుసనే చూసుకుంటూ పోయాడు. కళ్ళజోళ్ళాయన దగ్గర ఆగి, ఆయన ఒక్కరికీ దండం పెట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఇది మా మనోభావాలను తీవ్రంగా గాయపరిచింది. అత్యవసర సమావేశం జరిపాం. ఈ గోల్ కీపర్‌ని పంపించవద్దని మేం మొదటినుంచీ మొత్తుకుంటున్న సంగతిని మినిట్సులో నమోదు చేశాం. కళ్ళజోళ్ళాయనకు మైదానంలోకి ప్రవేశం నిషేధించాం. కార్యదర్శి మా ఐకమత్యాన్ని మెచ్చుకుని, సలహాదారు పదవికి కొత్తవాళ్ళను ఎన్నుకోమన్నారు. ఎవరిని పంపించెయ్యాలో ఇప్పటినుంచే జాబితా తయారవుతోంది.

మీ అభిప్రాయం కూడా రాసి పంపండి. ఆట చూసి ఉండాలన్న నియమం లేదు.