ముక్కు దించిన కారు

తొంభై అయిదు డిసెంబరులో ఆ శనివారం పొద్దున్నే మావగారిని కారులో గుడివాడ నుంచి పామర్రు అవతలున్న శ్రీకాకుళం గుడికి తీసుకెళ్లాలన్నది యుగంధర్ ప్లాను. ప్లాను వేసినప్పుడు ధైర్యంగానే ఉన్నాడు. ఇప్పుడు తాళం తిప్పడానికే జంకుతున్నాడు.

కారు మావగారు మల్లికార్జునరావుగారిది. పాతకాలపు ఎర్ర స్పోర్ట్స్ కారు. ముందుభాగం ఎత్తుగా ఉండి ఆకాశంలోకి చూస్తున్నట్టుండేది. కాస్త దించుతానని అల్లుడు ఏడాదిగా బతిమాలితే ఆయన ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు.

"దించుకో. కానీ నా నడుంకి ఒక్క కుదుపు తగిలిందా, మర్నాడే, ఎప్పట్నించో అడుగుతున్న ముదినేపల్లి చేపల చెరువులాయనకి కారు ఇచ్చేస్తాను."

కుదుపు లేకుండా దించాలంటే కొలతకి తగ్గ పొట్టి స్ప్రింగులు, వాటికి జోడుగా షాకబ్జార్బర్లు కావాలి. మద్రాసులో చెప్పిన సరుకు ఎంతకీ రాలేదు. గుడివాడ మెకానిక్ దయానందం తేలిగ్గా తీసిపారేశాడు.

"ఉన్న స్ప్రింగుకే ఓ చుట్టు కోసేద్దామండీ. ముక్కు అదే దిగుద్ది."

"స్ప్రింగు బిగుసుకుపోయి కుదుపు రాదూ?"

"గుంటలుంటేగా కుదుపు!"

గుడివాడ రోడ్డు మీద నిలబడి ఈ మాటన్నాడు మహానుభావుడు. విన్నవాడికైనా బుద్ధుండొద్దూ! మావగారికి చెప్పకుండా కోయించేశాడు.

ఊరు దాటగానే మొదటి గుంట. "అమ్మో!" అన్నారు మావగారు. యుగంధర్ "గోవిందా!" అని అరిచేశాడు. అల్లుడికి ఇంత భక్తి ఉందని ఆయనకి ఇప్పుడే తెలిసింది. రెండో గుంటకి ఆయన కూడా పళ్లు బిగించి "గోవిందా!" అన్నారు. మూడో గుంటకి నడుం పట్టుకున్నారు.

పామర్రు దాటి మలుపు తిరిగేసరికి రోడ్డంతా ఆరబోసిన ధాన్యం. పైన నల్లటి మబ్బు. ఎవరో ఆడమనిషి చేతులూపుతూ "ఆపండి బాబో!" అని కేకలు. యుగంధర్ బ్రేకు మీద నిలబడ్డాడు. అసలే దిగిన ముక్కు నేలకి ఆని, కారు గింజల మీద జారుతూ ధాన్యాన్ని కుప్పగా రోడ్డు పక్కకి నెట్టుకుపోయి ఆగింది.

"మావయ్యా, స్ప్రింగు కోయించాను. తప్పయిపోయింది," అన్నాడు యుగంధర్, కళ్లు తెరవకుండానే. కారు పోయినట్టే.

మావగారు నడుం పట్టుకుని మెల్లగా దిగారు. అప్పుడే చినుకు పడింది. కేకలేసిన మనిషి పరుగున వచ్చింది. ఆయన పొలం చూసుకునే వీరలక్ష్మి!

"అయ్యగారూ, కూలోళ్లు రాలేదండీ. మీ ధాన్యమంతా తడిసిపోద్దని ఏడుస్తన్నానండీ. అల్లుడుగారు ఒక్క ఊపులో పోగేశారు!" అంటూ కుప్ప మీద బరకం కప్పేసింది.

మల్లికార్జునరావుగారు మబ్బుని చూశారు. ఇంకా రోడ్డు మీదున్న ధాన్యాన్ని చూశారు.

"మరి... కారు?" అన్నాడు యుగంధర్.

"కారు ఎక్కడికీ పోదు. నడుందేముందయ్యా, మందు రాస్తే తగ్గుద్ది! ముందు వెనక్కి తీసి, ఆ మిగతా ధాన్యం కూడా నెట్టు!"

మద్రాసు స్ప్రింగులు మర్నాడే వచ్చాయి. ధాన్యం ఇల్లు చేరేదాకా వాటిని ముట్టుకోవద్దని మావగారు మంచం మీదనుంచే కబురు పెట్టారు.