మసకబారిన మేనమామ

కూతురికి చెవులు కుట్టించే వేడుకకు ఫోటోగ్రాఫరు అక్కరలేదని అనంతకుమార్ ఆ ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ తేల్చేశాడు. హోసూరులో ఒక కంపెనీలో సూపర్‌వైజరుగా చేస్తున్న అతను, కొత్త ఫోను కొన్నప్పటినుంచీ కంపెనీ బస్సులో పోతూ వస్తూ ఫోటోలు తీసే వీడియోలే చూస్తున్నాడు. ఫోటోకి అందమంతా వెనక ఉన్నదాన్ని మసక చెయ్యడంలోనే ఉందని వాటివల్ల తెలిసింది. తియ్యాల్సిన మనిషికి దగ్గరగా పోవాలి, తెరమీద ముఖాన్ని వేలితో తాకాలి, మసక ఎంత కావాలో కింద ఉన్న గీతను జరిపి చెప్పాలి. అనంతకుమార్ ఆ గీతను కొసదాకా జరిపి పెట్టుకున్నాడు.

"మిద్దెమీద నీళ్ల ట్యాంకు ఉంది, పక్కింటోళ్లు బట్టలారేసినారు. అవన్నీ ఫోటోలో పడతాయి గదా," అంది భార్య నళిని.

"ఏమీ పడవు. అంతా మంచులాగ కరిగిపోతుంది. చూస్తా ఉండు."

ఎండెక్కకముందే కెలమంగలంనుంచి నళిని అన్న ముత్తప్ప, వదిన పుట్టమ్మ సారె తట్టలతో దిగారు. ముత్తప్ప పట్టుపురుగులు పెంచే రైతు. మీసం పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. పండగలో ఉరికే ఎద్దును కొమ్ములు పట్టి నిలబెట్టినవాడని ఊళ్లో పేరు. తండ్రి లేని చెల్లెల్ని ఎత్తుకొని పెంచాడు. ఇప్పుడు ఆ చెల్లెలి కూతురు అమ్ములు చెవులు కుట్టించుకునేది మేనమామ ఒళ్లోనే. అది ఆయన హక్కు, అందులో ఇంకొకరికి పాలు లేదు.

మిద్దెమీద ఆయన ఒళ్లో కూర్చుని అమ్ములు అరటిపండు తింటోంది. చెవులు కుట్టే ఆచారి సూది తీశాడు. అందరూ పాప చెవినే చూస్తున్నారు. అనంతకుమార్ మోకాళ్లమీద కూర్చుని, తెరమీద పాప ముఖాన్ని తాకి, సరిగ్గా సూది దిగిన క్షణంలో నొక్కాడు. అమ్ములు ఒకసారి ముఖం చిట్లించి మళ్లీ పండు పనిలో పడింది.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక అతను ఆ ఫోటోను బంధువుల గ్రూపులో పెట్టాడు. పాప పెదవికి అంటిన అరటిపండు పీచు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. వెనక ట్యాంకు లేదు, బట్టలు లేవు. వాటితోపాటు ముత్తప్ప కూడా లేడు. ఒక తెల్లచొక్కా, దానిపైన ముఖమంత మరక, దానికి అడ్డంగా నల్లటి చార మాత్రం మిగిలాయి.

వేడుకకు రాలేకపోయిన పెద్దాయన శ్రీరంగప్ప ఊత్తంగరైనుంచి గ్రూపులో అడిగాడు. "పాప బాగుంది. ఒళ్లో పెట్టుకొనింది ఎవురప్పా? అనంతు వాళ్ల తమ్ముడా?"

అనంతకుమార్ తల్లి మునిలక్ష్మమ్మకు గ్రూపులో ఏది కనిపించినా బొటనవేలు గుర్తు నొక్కడం అలవాటు. దీనికీ నొక్కింది. పిల్ల నాయనమ్మే అవునన్నాక ఇంక అనుమానమేముంది? తెల్లారేసరికి, మేనమామను పక్కన పెట్టి నాయన తరఫువాళ్ల ఒళ్లో పిల్లకు చెవులు కుట్టించారన్న మాట కెలమంగలం చేరిపోయింది.

మొదట పుట్టమ్మ ఫోన్ చేసింది. "ఏమప్పా, మా ఇంటాయన సారె తెచ్చింది పొగలో కూర్చునేదానికా? మిమ్మల్ని పిలవనే లేదంట గదా అని ఊరంతా అడుగుతా ఉండారు."

"బావకు ఇవ్వక్కా, నేను చెప్తాను," అన్నాడు అనంతకుమార్. ముత్తప్ప అందుకున్నాక ఓపిగ్గా వివరించాడు. "అది ఫోను చేసే పని బావా. ముఖ్యమైనోళ్లు ఎవురో దానికి తెలుస్తుంది. వాళ్లను వదిలి మిగతాదంతా మసక చేస్తుంది."

"అంటే నేను మిగతాదాంట్లో పోయినాను."

"అట్ల కాదు బావా. మీరు బ్యాక్‌గ్రౌండు, అంతే."

కొడుకు తడబాటు చూడలేక పక్కనున్న మునిలక్ష్మమ్మ ఫోను లాక్కుంది. "ముత్తప్పా, నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దు. నీళ్ల ట్యాంకుని గూడ వాడు అట్లనే చేసినాడు."

"వచ్చే ఆదివారం మా ఊర్లో దేవర పండగ," అన్నాడు ముత్తప్ప నెమ్మదిగా. "మీరు రావద్దండమ్మా. వచ్చినా మాకు కనపడరు."

ఆ రోజునుంచి నళిని భర్తకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. రెండోనాడు మాత్రం అడిగింది. "మసక లేని ఫోటో లేదా?"

తీసిన తర్వాత కూడా మసకను తగ్గించవచ్చని అనంతకుమార్‌కు అప్పుడు గుర్తొచ్చింది. గీతను వెనక్కి జరిపాడు. ముందు ట్యాంకు వచ్చింది, తర్వాత బట్టలు వచ్చాయి, తర్వాత బావ ముఖం వచ్చింది. అతను ఆ ముఖాన్ని చూసి ఫోను బోర్లించి పెట్టాడు.

"ఇది వద్దులే."

"ఏమిటికి?"

"వెలుతురు బాగలేదు."

"మా అన్న ముఖం మీకు అంత చేదైపోయిందా," అంది నళిని, కళ్లు తుడుచుకుంటూ.

అనంతకుమార్ బావకే ఫోన్ చేశాడు. "మసక తీసినాను బావా. ముందు మీకొక్కరికే పంపిస్తాను, చూసి చెప్పండి."

"నాకొక్కడికి చూపించి ఏం చేస్తావు? మానం గ్రూపులో పోయింది, గ్రూపులోనే రావాల."

"ఒక్కసారి చూస్తే..."

అతని మాట పూర్తికాకముందే నళిని ఫోను తీసుకుని ఆ ఫోటోను గ్రూపులో పెట్టేసింది. అది ముత్తప్పే అని ఈసారి ఎవరికీ అనుమానం రాలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నోరు చెవులదాకా తెరుచుకుంది. కన్నీళ్లు మీసంలోకి కారుతున్నాయి. రెండు చేతులతో పాపను పట్టుకున్న తీరు చూస్తే, సూదినుంచి పాపే ఆయన్ను కాపాడుతున్నట్టుంది. ముందు అమ్ములు నిమ్మళంగా అరటిపండు నములుతోంది.

గ్రూపులో ముందుగా శ్రీరంగప్ప అడిగాడు. "సూది ఎవురికి కుట్టినారప్పా?"

మునిలక్ష్మమ్మ దానికీ బొటనవేలు గుర్తు నొక్కింది.

నళిని ఆ ఫోటోను చాలాసేపు చూసింది. "నాకు కుట్టినప్పుడు గూడ ఇట్లే ఏడ్చినాడంట. అమ్మ చెప్తా ఉండె," అంది. భర్తతో నవ్వుతూ మాట్లాడడం ఆ వారంలో అదే మొదలు.

ఇంతలో ఫోను మోగింది. ముత్తప్ప గొంతు అంత చిన్నదిగా ఉండగలదని అనంతకుమార్‌కు అంతవరకు తెలియదు.

"అనంతప్పా. ఆ పొగ మళ్లా ఎయ్యొచ్చా?"

"ఎయ్యొచ్చు బావా. కొంచెం జరిపితే చాలు."

"కొంచెం వద్దు. పూర్తిగా ఎయ్యి. ఇప్పుడు పెట్టింది తీసెయ్యి."

"తీసేస్తాను. మరి ఆదివారం..."

"అందరూ రండి. పాపను మరిచిపోవద్దు."

ఆదివారం కెలమంగలంలో భోజనాలయ్యాక, ఇంటి ముందర అందరినీ నిలబెట్టి ఫోటో తియ్యమని పుట్టమ్మ అడిగింది. అనంతకుమార్ ఫోను తీశాడు. ముత్తప్ప మెల్లగా అందరి వెనక్కి పోయి, "ఇంత దూరం చాలునా అప్పా?" అని అడిగాడు.

అనంతకుమార్ చాలన్నాడు గానీ, ముత్తప్ప ఎందుకైనా మంచిదని ఇంకా వెనక్కి నడిచి మల్బరీ తోటలోకి దిగాడు.