ఆఖరి ఫారం

పుస్తకాలకు బైండింగు చేసే ఆయన్ని వీధంతా జిగురుగారనే పిలుస్తుంది. చేతులకు ఎప్పుడూ జిగురే, పట్టుకున్న మాటా ఒక పట్టాన వదలడు. ఆ వారం ఆయన పట్టుకున్నది కూతురి బడివాళ్లని.

"తొమ్మిదో తరగతి వాళ్లంతా ఆ నవల చదివి తీరాలిట! చివర్లో తండ్రి చచ్చిపోతాడట! పసిపిల్లల చేత చావులు చదివిస్తారుటే?"

"పసిపిల్లేంటండీ, నా చెప్పులు దానికి బిగుతు," అంది భార్య. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. "చదవనివ్వండి. ఏడిస్తే ఏడుస్తుంది."

"నా ఇంట్లో ఏడుపు వీల్లేదు!" అనే సరికే ఆయన గొంతు బొంగురుపోయింది.

అదృష్టంకొద్దీ కూతురే ఆ నవల తెచ్చి, అట్ట ఊడింది కుట్టిపెట్టమంది. పది రోజులుగా ఆ పిల్ల బడి వదలగానే ఇంటి ముందుగదిలోని కొట్లోకే వచ్చి కూర్చుంటోంది. పనిమీద మోజు పుట్టిందని ఆయన అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

పథకం చిన్నదే. నవలలో ఆఖరి ఫారం, అంటే చివరి పదహారు పేజీల కట్ట, ఊడదీసేయాలి. లావు తగ్గి దొరికిపోకుండా అక్కడ ఖాళీ కాగితాలు కుట్టేయాలి. తండ్రి బతికుండగానే కథ ఆగిపోతుంది. పొరపాటున కూడా ఆ చావు తన కంటపడకూడదని జిగురుగారు కళ్లజోడు తీసి పక్కన పెట్టి మరీ కుట్టాడు. అదే బల్లమీద కోళ్లాయన బైండింగుకిచ్చిన కోళ్ల పెంపకం పుస్తకం కూడా విప్పి ఉన్న సంగతి మరిచాడు.

ఆదివారం పొద్దున కూతురు నవల తెరిచి పైకి చదివింది. "మంచం మీది తండ్రి నవ్వాడు. తల్లీ, ఇకనుంచి నువ్వే..." పేజీ తిప్పింది. "...రోజుకు రెండుసార్లు రెట్ట ఎత్తి, గుడ్లు ఏరుకోవాలి."

జిగురుగారు నోరు తెరిచేలోపు కోళ్లాయన తన పుస్తకం పట్టుకుని లోపలికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కోళ్లకి తెగులొస్తే ఏం చెయ్యాలా అని పేజీ తిప్పానండీ. ఆ తండ్రి పోయాడండీ! ఆ పిల్లకి ఇంకెవరున్నారండీ?"

"బడివాళ్లు ఆ నవల ఒక్క తరగతికే పెట్టారు," అంది భార్య. "మీరు ఆ ఫారం కాస్తా కోళ్ల ఫారం దాకా పంపారు."

"దీనికోసమేనే!" అని జిగురుగారు కూతుర్ని చూపించాడు.

"నేనెప్పుడో చదివేశాను నాన్నా. అందరం తిప్పితిప్పి చదివాకే కదా అట్ట ఊడింది."

ఆయన ముఖం వాడిపోయింది. "ఏడ్చావా?"

"బాగా ఏడ్చాను. మర్నాటినుంచి రోజూ నీ దగ్గరకొచ్చి కూర్చుంటున్నది ఎందుకనుకున్నావు? జిగురు వాసన కోసమా?"

జిగురుగారికి కూతురిమీద ప్రేమ, తన తెలివిమీద సిగ్గు ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆయన కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

"ఆ ఫారం నువ్వే చదివి వినిపించమ్మా. మెల్లగా చదువు."

"నేనూ ఉంటాను," అని కోళ్లాయన స్టూలు లాక్కున్నాడు.

భార్య లోపలికెళ్లి రెండు తువ్వాళ్లు తెచ్చి చెరొకటి ఇచ్చింది.