రత్తయ్య పక్కనడక

ఆ ఉదయం ఏడు గంటలకు ఆత్మకూరు రత్తయ్య దగ్గర ఉన్నవి ఇవి: ఒక ఇంగ్లీషు గుర్రం, దాని జీను, రేషను బియ్యం కొట్టు కోసం ఒక దరఖాస్తు, రెండు గంటల సమయం. లేనిదల్లా స్వారీ విద్య.

సప్లయి ఆఫీసరు రాజమోహన్ ఉదయగిరి రోడ్డులో, ఏడు మైళ్ల అవతల బంగళాలో బస చేశాడు. తొమ్మిదికి వెళ్లిపోతాడు. ఉన్నది ఒకే లైసెన్సు, ముందు చేరినవాడిది. బియ్యం అమ్మకం మీద సర్కారు కంట్రోలు వచ్చాక రత్తయ్య కొట్లో బియ్యం మూట దిగలేదు. ఈ కాగితం రాకపోతే తలుపులు మూయడమే. పోటీదారు కొండలయ్య స్వయానా బావమరిది. ఆరింటికే ఎడ్లబండి కట్టించాడు.

కిందటేడు ఒక ఇంగ్లీషు దొర సీమకు వెళ్లిపోతూ ఈ గుర్రాన్ని చవగ్గా అమ్మేశాడు. దాంతోపాటే గుర్రపువాడు హుసేనయ్య కూడా వచ్చాడు. మొదటిరోజే చెప్పాడు: "మూడు నెలలు, కాళ్లు పెట్టే రికాబులు తీసేసి, పొడుగుతాడు కట్టి, గుండ్రంగా తిప్పాల శెట్టిగారూ."

"నేర్చిన గుర్రాన్నే కదయ్యా కొనింది? మళ్లా నేర్పేదేంది?"

"గుర్రానికి అన్నీ వచ్చు. తిప్పేది తమరిని."

ఆ పాఠం మానేసి, మూడు నెలలు మిగిలాయని రత్తయ్య సంతోషించాడు.

అయిదు మైళ్లు గుర్రం బుద్ధిగా నడిచింది. వెనకే సైకిలు మీద హుసేనయ్య. ముందు కొండలయ్య బండి కనబడింది. ఎడ్లను గుద్దేస్తానేమోనని బెదిరిన రత్తయ్య మోకాళ్లు బిగించి, పగ్గాలు లాగిపట్టాడు. కాళ్లు పొమ్మంటున్నాయి, చేతులు ఆగమంటున్నాయి. దొర నేర్పిన గుర్రం రెండు మాటలూ మన్నించి, ఉన్నచోటనే కాళ్లెత్తి చిందులు వేయసాగింది.

"ఏంది బావా, రోడ్డు దంచుతున్నావా?" అని కొండలయ్య సాగిపోయాడు.

పావుగంటయినా గుర్రం అడుగు ముందుకు వేయలేదు. ఎనిమిదిన్నర దాటింది.

"కాళ్లు బిగించబాకండి!" హుసేనయ్య అరిచాడు.

"వదిలితే పడతానురా!" అంటూ రత్తయ్య కాళ్లు అలాగే ఉంచి, పగ్గాలు వదిలి జూలు పట్టుకున్నాడు. గుర్రం ఒక్కసారిగా లంఘించింది. బండి వెనకబడింది. ఈలోగా పంచె జారింది. దాన్ని ఎడమ మడమతో గుర్రం డొక్కకు అదిమిపట్టాడు. ఆ ఒత్తిడికి గుర్రం, కాలు మీద కాలు దాటిస్తూ, కుడిపక్కకు నడిచింది. అలా అడ్డంగానే బంగళా గేటు దాటి, ఆఫీసరు ముందు నిలిచింది.

తొమ్మిదికి అయిదు నిమిషాలు. రాజమోహన్ కాఫీ గ్లాసు పక్కనపెట్టి లేచాడు. "ఈ పక్కనడక గుర్రపు పోలీసులకే చేతకాదు. ఎవరు నేర్పారు మీకు?"

రత్తయ్య అందించిన దరఖాస్తు ఆయన ఎడమచేతిలో, ముద్ర కుడిచేతిలో ఉన్నాయి. ముద్ర ఇంకా పడలేదు. గేటు బయట ఎడ్ల గంటలు వినిపిస్తున్నాయి. రత్తయ్య ఒక చేత్తో పంచె పైకి లాక్కున్నాడు.

"మా హుసేనయ్యండీ."

"భేష్! మూడు నెలలకు కలెక్టరుగారు ఆత్మకూరు వస్తున్నారు. ఆయన ముందు చేసి చూపించాలి. సరేనా?"

"సరేనండీ."

ముద్ర పడింది.

మర్నాడు తెల్లవారగానే హుసేనయ్య దొడ్లో రికాబులు తీసేశాడు, పగ్గాలు ముడేశాడు, పొడుగుతాడు పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. "చేతులు నడుం మీద పెట్టుకోండి శెట్టిగారూ."

ప్రహరీ మీదుగా కొండలయ్య తొంగిచూశాడు. "ఎంతదాకా బావా పయనం?"

చివరికి రత్తయ్యకు మిగిలినవి ఒక బియ్యం కొట్టు, రోజుకు ఆరు మైళ్ల చొప్పున దొడ్లో మొదలై దొడ్లోనే ముగిసే మూడు నెలల ప్రయాణం.