పేజీ మారితే మీరెవరు?

మనల్ని గుర్తుపెట్టుకోని వెబ్‌సైట్లను తిట్టేవాళ్లు కృతఘ్నులు! ఒక పేజీలో మన చరిత్రంతా రాయించుకుని, పక్క పేజీలోకి అడుగు పెట్టగానే "మీరెవరు?" అని అడిగే వెబ్‌సైటు మానవజాతికి దొరికిన వరం. నవ్వుతున్నారా? మా బావ సంగతి విన్నాక నవ్వండి.

మా బావ గోడౌన్ సూపర్‌వైజరు. వేల పెట్టెల్లో ఏది ఏ మూల ఉందో కళ్లు మూసుకుని చెప్పేస్తాడు. అంతటి మేధావి ఒక ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూలబడ్డాడు. ముందురోజు మా అక్క కడుపు పట్టుకుని మెట్ల మీదే ఒరిగిపోయింది మరి. ఆస్పత్రి అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలట. కౌంటర్లో మనుషులు లేరా అంటే, ఉన్నారు. ఆన్‌లైన్‌కి వెళ్లమని చెప్పడానికి!

మొదటి పేజీ పేషెంటు వివరాలడిగింది.

"ఏమే, నీ పుట్టినరోజెప్పుడు?" వంటింట్లోకి ఒక కేక.

పిల్లలు కాలేజీకొచ్చారు. అయినా అడిగాడు. అక్క చెప్పింది. బ్లడ్ గ్రూపు చెప్పింది, ఒంటికి పడని మందు పేరు చెప్పింది.

రెండో పేజీ జబ్బు గురించి అడిగింది.

"నొప్పి ఎప్పట్నుంచి?"

"ఏదో ఒకటి రాయండి."

'నిన్నటి నుంచి' అని కొట్టాడు బావ. మూడో పేజీలో డాక్టర్ని ఎంచుకోబోతే, 'మీ వివరాలు లేవు, మొదటి పేజీకి వెళ్లండి' అంది తెర. ఎవరి వివరాలు? ఇప్పుడే కదా ఇచ్చింది! పళ్లు కొరుక్కుంటూ మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ అదే వరస. నూతిలో నీళ్లు తోడి చిల్లుకుండలో పోసినట్టు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. ఒకమ్మాయి పేరూ ఊరూ అడిగి, ఇంకో అమ్మాయికి లైను కలిపింది.

"సర్, ఒక పేజీలో మీరు చెప్పింది తర్వాతి పేజీ దాకా గుర్తుంచుకోవడాన్ని సెషన్ అంటారు. మా దగ్గర అది నిలవట్లేదు," అంది ఆ అమ్మాయి.

"మరి బాగుచెయ్యరా?"

"తప్పకుండా సర్. కంప్లయింట్ రాసుకుంటాను. మీ పేరు?"

"ఇందాకే చెప్పాను కదమ్మా!"

"సారీ సర్, ఇందాక మాట్లాడింది వేరే అమ్మాయి."

ఇదీ సంస్థ అంటే! మనిషికీ మెషీనుకీ తేడా లేని సమానత్వం! అసలు ఎదుటివాళ్లు చెప్పింది మనసులో పెట్టుకోకపోవడం ఎంత గొప్ప సంస్కారం! మా పెద్దమ్మ, ఏదో పెళ్లిలో తనకు కుర్చీ వెయ్యలేదని రెండు తరాలుగా తలుచుకుంటోంది. ఆవిడ బుర్రలో ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే రెండు కుటుంబాలు మళ్లీ మాట్లాడుకోవూ? దీన్ని తయారుచేసి, జీతాలు తీసుకుని, హాయిగా నిద్రపోతున్న మహానుభావులకు ఊరేగింపు చెయ్యొద్దూ?

బావకు జరిగిన మేలు చూడండి. మధ్యాహ్నానికి పెళ్లాం పుట్టినతేదీ నోటికొచ్చేసింది. ఆవిడకు పడని మందు పేరు తడబడకుండా పలుకుతున్నాడు. కానీ నొప్పి దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగాల్సిందే.

"ఎప్పట్నుంచో సరిగ్గా చెప్పు. ఈసారి నిజం రాస్తాను."

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, పక్కన కూర్చుంది.

"ఆర్నెల్లయింది."

బావ చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. అక్క మొహంలోకి చూశాడు. చిక్కిపోయింది. కళ్ల కింద నల్లగా ఉంది. ఇదంతా ఎప్పుడు జరిగింది?

"ఆర్నెల్లా! నాకెందుకు చెప్పలేదు?"

అక్క తెర వైపు చూపించి, "రాయండి, మళ్లీ పోతుంది," అంది.

సాయంత్రానికి వెబ్‌సైటుకే విసుగొచ్చిందో ఏమో, ఒక్కసారి అన్ని పేజీలూ దాటనిచ్చింది.

మర్నాడు డాక్టరమ్మ స్కానింగ్ చూసి కళ్లద్దాలు తీసింది. "గాల్‌బ్లాడర్ నిండా రాళ్లు. చీము పడుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేది. ఆర్నెల్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"అదే నేనూ అడుగుతున్నాను డాక్టర్‌గారూ!" బావ కుర్చీలో ముందుకు జరిగాడు.

అక్క నెమ్మదిగా అంది. "చెప్పకేమండీ! వంటింట్లో చెప్పాను. విన్నారు, అయ్యో అన్నారు కూడా. హాల్లోకెళ్లేసరికి మర్చిపోయారు. హాల్లో చెప్పాను. పడగ్గదిలోకి రాగానే, ఏంటి అలా ఉన్నావన్నారు. గది మారిన ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక నాకే లేకపోయింది."

డాక్టరమ్మ బావ వైపు చూసింది. బావ నేల వైపు చూశాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అక్క తేరుకుంది. వెబ్‌సైటు వాళ్లను కోర్టుకీడుస్తానని వీధి వీధంతా అరిచిన బావ మాత్రం, ఇంతవరకు వాళ్ల మీద ఒక్క ముక్క ఫిర్యాదు రాయలేదు.

పాపం, ఏ మొహం పెట్టుకుని రాస్తాడు?