ఎంతవరకున్నారు?

సత్యవేణికి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తన వంటింట్లో ఉన్న ప్యాకెట్ల మీది తేదీలన్నీ అయిపోయి, అందరి ఇళ్లకూ వచ్చిన రేపు తన ఇంటికి మాత్రం రాకుండా పోవడం, అదీ తను బయట ఉండి, నాలుగేళ్ల తన్విక లోపల ఉన్న వేళ.

ఈ పద్ధతి వచ్చి మూడేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడెవరూ దాన్ని వింతగా చెప్పుకోరు. ఒక ఇంట్లో ఉన్న తినే సరుకుల ప్యాకెట్లలో, అన్నిటికన్నా దూరపు గడువు తేదీ ఏదైతే ఆ ఇంటికి అంతవరకే రోజులు. ఆ తేదీనాడు సాయంత్రం ఐదున్నరకి తలుపు దానంతటదే మూసుకుంటుంది. మొదట్లో అర్ధరాత్రి అనుకున్నారట గాని, ఆ వేళప్పుడు డ్యూటీకి ఎవరూ ఒప్పుకోక, వార్డు ఆఫీసు మూసే సమయాన్నే ఖాయం చేశారు. లోపలివాళ్లకి ఏ బాధా ఉండదు. వాళ్లకి ఎప్పటికీ ఆ ఐదున్నరే.

ఉప్పు, పంచదార, చింతపండు లెక్కలోకి రావు. వాటితో కడుపు నిండదని సర్క్యులర్లో కారణం కూడా రాశారు. రేషను బియ్యం మీద తేదీ ఉండదు కనుక అవీ రావు. మా ఆవకాయ ఏడాది నిలవుంటుంది నాయనా అని జాడీ ఎత్తి చూపించిన ముసలమ్మలున్నారు. "అచ్చు ఏదమ్మా?" అని అడిగి వెళ్లిపోయారు గుమాస్తాలు. సరుకు దాని సొంత కవర్లోనే ఉండాలి. వట్టి కవరు చెల్లదు, కవరు లేని సరుకు చెల్లదు.

పెద్దవాళ్లు ఆ సమయానికి బయట ఉంటే బయటే ఉండిపోతారు. ఐదేళ్లలోపు పిల్లలు మాత్రం ఎక్కడున్నా ఇంటి లెక్కే. కిందటేడు ఒకావిడ తెలివిగా పిల్లాణ్ని చంకనేసుకుని బస్టాండులో నిలబడింది. ఐదున్నరకి చంక ఖాళీ. మూసుకున్న ఇల్లు మళ్లీ తెరుచుకోవాలంటే ముప్పై రోజులకి తక్కువ కాని తేదీ ఉన్న ప్యాకెట్టు ఒకటి, దరఖాస్తు మూడు కాపీలు బయటివాళ్లెవరైనా ఆఫీసులో ఇవ్వాలి. పక్క సందులో ఉండే వాచ్‌మన్ కొండబాబు ఆ ప్యాకెట్టు కొనలేక పదహారు నెలలుగా తన ఇంటి అరుగు మీదే పడుకుంటున్నాడు. కిటికీలోంచి చూస్తే కొడుకు పలక మీద అదే అక్షరం దిద్దుతూ కనిపిస్తాడు. "మావాడికి చెప్పులు పొట్టవ్వవండి, యూనిఫాం బిగుతవ్వదండి" అని నవ్వుతాడు కొండబాబు. ఈ పదహారు నెలల్లో ఆయన మీసం పూర్తిగా తెల్లబడింది.

వ్యాపారులు దీనికి తొందరగానే అలవాటు పడ్డారు. తేదీ ఎంత దూరమో వెల అంత. ఆరు నెలల తేదీ ఉన్న బిస్కెట్ ప్యాకెట్టుని గాజు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. గృహప్రవేశానికి అలాంటిది పట్టుకొచ్చిన చుట్టాన్ని ముందు వరసలో కూర్చోబెట్టి రెండోసారి స్వీటు వడ్డిస్తారు. మిగతావాళ్లందరికీ మెయిన్ రోడ్డు మీది డిస్కౌంట్ మార్టే గతి. అక్కడ గడువు దగ్గరపడ్డ సరుకులన్నీ వెనక గోడవార అరలో పెట్టి, రోజూ నాలుగున్నరకి పసుపు స్టిక్కర్లు అంటించి సగం ధరకి ఇస్తారు.

సత్యవేణిని తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారు. ఇంగ్లీషు వాక్యం చదవమంటే తడబడుతుంది గాని, కవరు మడతలో చుక్కలు చుక్కలుగా కొట్టిన తేదీని మూరెడు దూరం నుంచి చదివేస్తుంది. ఆ విద్య నేర్పింది ఎదురింటి మంగతాయారు. ఒంటరి మనిషి, మిషను మీద జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది.

"ముందు వరసలో చెయ్యి పెట్టకే వేణీ, పాతవన్నీ ముందుకే తోస్తారు. గోడ తగిలేదాకా పోనీ చెయ్యి. మూల చిరిగిన ప్యాకెట్టు కనిపిస్తే వదలకు. దానికి ధర తగ్గుతుంది గాని డేటు తగ్గదు. స్టిక్కరు డేటు మీద అంటిస్తే మాత్రం ఊరుకోకు, పక్కన అంటించమను."

మంగతాయారుకి ఇంకో అలవాటుంది. రోజూ ఐదింటికి మిషను ఆపేసి, వీధిలో పన్నెండు గుమ్మాలూ ఎక్కి దిగుతుంది. పూర్వం తిన్నారా అని అడిగేవాళ్లు కదా, ఇప్పుడా మాట పోయింది. "ఎంతవరకున్నారే?" అంటుంది. ఇరవయ్యొకటి పిన్నీ అనో, ఆదివారం దాకా అత్తా అనో లోపలినుంచి జవాబు వస్తే పక్క గుమ్మానికి వెళుతుంది. ఎవరైనా తడబడితే కొంగు చాటునుంచి బన్ను ప్యాకెట్టు తీసి గడప లోపల పెడుతుంది. ఆవిణ్ని ఎంతవరకున్నావని అడగాలని ఎవరికీ తోచలేదు. అడిగే మనిషిని అడగడమేమిటి?

ఆ గురువారం పద్దెనిమిదో తారీఖు. సత్యవేణి భర్త సూరిబాబు లారీ మీద రాయపూర్ వెళ్లి వారమైంది. ఇంట్లో అత్త నూకరత్నం, పిల్ల, తను. ఫ్రిజ్ మీద మూల చిరిగిన సేమ్యా ప్యాకెట్టు, ఇరవై ఏడు వరకు. తొమ్మిది రోజులు చేతిలో ఉన్నాయన్న ధీమాతో జాకెట్లకి హుక్కులు కుట్టే పనికి వెళ్లి, నాలుగింటికి వచ్చి చూస్తే ఫ్రిజ్ మీద ఏమీ లేదు.

"అత్తయ్యా, సేమ్యా ప్యాకెట్టేదీ?"

"మూల చిరిగుంది కదే, చీమలు పట్టేసినియ్. చాటలో పోసి చెరిగి స్టీలు డబ్బాలో పెట్టేను. చూడు, ఒక్క చీమ ఉంటే నన్నడుగు."

"కవరో?"

"కవరేం చేసుకుంటామే? చెత్తబండోడికి ఇచ్చేసేను."

నలభై ఏళ్లుగా ఇంటికి ఏ సరుకొచ్చినా డబ్బాలో పోసి కవరు పారేసిన చెయ్యి అది. సర్క్యులర్లు ఆ చేతిదాకా వెళ్లవు. ఆ మాట అన్నాక నూకరత్నానికే గుర్తొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకి జారగిలబడింది. ఇంట్లో ఇక మిగిలింది రెండు ముక్కల బ్రెడ్డు. దాని మీద పద్దెనిమిది. గడియారంలో నాలుగూ పది. తన్విక చాప మీద బోర్లా పడుకుని, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది.

సత్యవేణి పిల్ల వైపు రెండోసారి చూడలేదు. చూస్తే కాళ్లు కదలవని తెలుసు.

మార్టుకి చేరేసరికి వెనక అర ముందు అరవైమంది దాకా ఉన్నారు. స్టిక్కర్లు అంటించే వీర్రాజు లేబుల్ గన్ను పట్టుకుని స్టూలెక్కి, "ఆయ్, తోసుకోకండమ్మా, అందరికీ ఉన్నాయండి" అంటున్నాడు. అందరికీ లేవని ఆయనకీ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. ఎవరో మోచేత్తో పొడిచారు.

"ఏవమ్మోయ్, ఇంట్లో ఇరవయ్యేడు పెట్టుకుని కులుకుతున్నావంట, మళ్లీ ఇక్కడికి దాపురించావేం? మా ముక్క కూడా నీకే కావాలా?" అంది పచ్చ చీర ఆవిడ. వార్డు ఆఫీసునుంచి తేదీల మేడమ్ ప్రతి సోమవారం వచ్చి ఇంటింటి తలుపు మీదా సుద్దముక్కతో చివరి తేదీ రాసిపోతుంది కనుక, ఎవరి సంగతీ ఎవరికీ తెలియకుండా ఉండదు.

పంతొమ్మిదో తేదీ బ్రెడ్లు నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. ఇరవయ్యో తేదీ పాల పొడి ప్యాకెట్లు ఇద్దరి మధ్య చిరిగి నేలపాలయ్యాయి. నేల మీద పడ్డది సరుకు కాదని వీర్రాజు ప్రకటించాడు. సత్యవేణి ముందు వరస వదిలేసి భుజం దాకా చెయ్యి లోపలికి తోసింది. చల్లటి గోడ తగిలింది. ఏమీ లేదు. పక్క గడిలో మళ్లీ తోసింది. అక్కడ ఇంకో చెయ్యి తగిలింది. ముడతలు పడ్డ చెయ్యి, చూపుడు వేలికి సూది గుచ్చుకున్న మచ్చలు. ఆ చేతిలో ఉప్మా రవ్వ ప్యాకెట్టు ఉంది. మూల చిరిగింది. ఇరవై నాలుగు.

మంగతాయారు ప్యాకెట్టు బయటికి తీసి, సత్యవేణి మొహం చూసింది.

"ఏంటే, అలా పాలిపోయావు?"

"అత్తయ్య సేమ్యా డబ్బాలో పోసేశారు పిన్నిగారూ. కవరు పోయింది. ఇవాళే ఆఖరు."

మంగతాయారు పెద్దగా నవ్వింది. "మీ అత్తకి ఖాళీ డబ్బా కనిపిస్తే చేతులు ఊరుకోవే! రేపెప్పుడో నిన్నూ పోసి మూత పెట్టేస్తుంది." నవ్వుతూనే ప్యాకెట్టు సత్యవేణి చేతిలో పెట్టింది. "పట్టుకెళ్లు. పిల్లున్న ఇల్లు."

"మరి మీకో?"

"నాకుందిలేవే. నా సంగతి నాకు తెల్దా? నడు, నడు, అవతల బిల్లింగు దగ్గర చాంతాడంత లైనుంది."

ఎదురింటి తలుపు మీద సోమవారం రాసిన సుద్ద అంకె పద్దెనిమిది. సత్యవేణి రోజుకి నాలుగైదుసార్లు ఆ తలుపు ముందునుంచే తిరుగుతుంది. ఆ అంకె ఇప్పుడు కళ్ల ముందు కనిపించింది. సోమవారం తర్వాత ఏదో ఒకటి కొనుక్కునే ఉంటుంది కదా అనుకుంది. అంత తెలిసిన మనిషి కొనుక్కోకుండా ఉంటుందా? ప్యాకెట్టుని గుండెకి అదుముకుని లైన్లో నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు.

బిల్లింగులో కూర్చున్న అమ్మాయి పసుపు స్టిక్కరు ఒకటి తీసి సరిగ్గా తేదీ మీద అంటించబోయింది. "డేటు మీద కాదమ్మా, పక్కన!" అని అరిచింది సత్యవేణి. ఆ గొంతు తనది కాదు, మంగతాయారుదే అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి ఐదూ ఇరవై నాలుగు. నూకరత్నం పిల్లని ఒళ్లో పెట్టుకుని గడప లోపల కూర్చుని ఉంది. సత్యవేణి ప్యాకెట్టుని ఫ్రిజ్ మీద పెట్టి, మళ్లీ తీసి తేదీ చూసి, మళ్లీ పెట్టింది. గుమ్మంలోకి వచ్చి నిలబడేటప్పటికి వీధి చివర మంగతాయారు కనిపించింది. చేతిలో సంచి ఖాళీగా ఊగుతోంది. ఐదూ ఇరవై ఏడు. ఆవిడ అరుగెక్కి చెప్పులు విడిచింది.

పిన్నిగారూ, మా ఇంట్లోకి రండి అని ఒక్క కేక వేస్తే చాలు. నాలుగు అడుగుల వీధి. కాని పిలిస్తే, ఆ పద్దెనిమిది తనకి తెలుసని ఒప్పుకున్నట్టే. తెలిసే ఆ ప్యాకెట్టు పుచ్చుకున్నట్టే. సత్యవేణి గడప దాటలేదు. మంగతాయారు ఇటు తిరిగి, "వచ్చావా? హమ్మయ్య" అని చెయ్యి ఊపి లోపలికి వెళ్లింది. స్టవ్వు వెలిగించిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆఫీసు గంట మోగింది. ఎదురింటి తలుపు మెల్లగా, ఎవరో మర్యాదగా వేసినట్టు, మూసుకుంది.

సోమవారం తేదీల మేడమ్ వచ్చి ఆ తలుపు మీది అంకెకి అడ్డగీత కొట్టి, రిజిస్టర్లో టిక్కు పెట్టుకుని వెళ్లింది. పదిహేను రోజుల్లో వీధిలో ఇంకో రెండిళ్లు మూసుకున్నాయి. సరుకు లేక కాదు. ఒక ఇంట్లో పన్నెండు రోజుల అటుకుల ప్యాకెట్టు స్కూటరు డిక్కీలోనే ఉండిపోయింది. ఐదింటికి వచ్చి అడిగేవాళ్లు లేక ఎవరికీ గుర్తు రాలేదు. నూకరత్నం ఇప్పుడు ఏ కవరూ పారెయ్యదు, కరివేపాకు కట్టకి చుట్టిన కాగితం కూడా మడిచి దాస్తుంది. తన్విక బొమ్మల్ని వరసగా నిలబెట్టి, "ఎంతవలకున్నాలే?" అని ఒక్కొక్కదాన్నీ అడుగుతుంది.

సత్యవేణి మార్టుకి వెళ్లినప్పుడల్లా గాజు బీరువా ముందు కాసేపు నిలబడి వస్తుంది. ముప్పై రోజులవి ఉన్నాయి. తాళమూ ఉంది. ఐదింటికి ఎదురింటి కిటికీ దగ్గరికి వెళ్లి, "శనివారం దాకా ఉన్నాం పిన్నిగారూ" అని చెప్పి వస్తుంది. లోపల మంగతాయారు కుర్చీలో కూర్చుని ఉంటుంది, చేతిలో టీ గ్లాసు. గ్లాసులోంచి ఆవిరి ఇంకా వస్తూనే ఉంటుంది. ఆవిడకేం, హాయిగా టీ తాగుతోంది, మన అగచాట్లు లేవు అంటారు వీధిలోవాళ్లు. సత్యవేణి కూడా ఔనంటుంది.

ఇది చదువుతున్న మీ వీధిలోనూ అలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. అందరి గుమ్మాలూ ఎక్కి, తిన్నారా, పిల్లకి జ్వరం తగ్గిందా అని అడిగే మనిషి. మీరెప్పుడైనా తిరిగి అడిగితే, నాకుందిలే అనే ఉంటుంది. ఆ మాట నమ్మకండి. ఇవాళ ఐదున్నరలోపు ఒక్కసారి వెళ్లి, ఆవిడ వంటింట్లో ఏముందో మీ కళ్లతో మీరు చూసి రండి.