వేలెత్తని భాస్కరరావు

గురువారం పొద్దున్నే బండిలోంచి కుండలు దించి, ఒక్కోదాన్నీ వేలితో కొట్టి చూసి, పగుళ్లవాటిని పక్కన పెట్టెయ్యాలని భాస్కరరావు అనుకున్నాడు. మర్నాడు అరకు సంత. ఖంగున మోగితే మంచి కుండ, బొంగురుగా పలికితే పగులున్నది. కంటికి కనబడని పగులు కూడా ఆయన చెవికి చిక్కుతుందని కొండమీద ఊళ్లన్నిటికీ నమ్మకం. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టిన మనిషికి ఆ చెవే పెట్టుబడి.

అయితే మూడు రోజులుగా తల చుట్టూ ఎవరో తాడు వేసి బిగిస్తున్నట్టు ఒకటే నొప్పి. మొదటి కుండ మోత నేరుగా పుర్రెలో దిగింది. పని ఆపేసి, తువ్వాలు చెవులమీదుగా కట్టుకుని కూర్చున్నాడు. భార్య నూకరత్నం కాఫీ తెచ్చి మూడుసార్లు పిలిచింది. పలకలేదు. నాలుగో పిలుపుకి పక్కకొట్టువాళ్లు పలికారు.

"ఏటండీ, ఇనబడ్డం నేదా?"

ఇంక మాట్లాడొద్దని ఆయన చెయ్యి ఊపాడు. వినబడ్డం లేదంటున్నాడని ఆవిడ అర్థం చేసుకుంది.

ఆ వారమే బజారులో ఉచితంగా చెవులు పరీక్ష చేసే వ్యాను ఆగి ఉంది. నూకరత్నం మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. దారిలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ సంగతి చెప్పింది. పరీక్షలు చేసే దివ్య ఆయన్ని వ్యాను లోపలి చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా వేలెత్తమని చెప్పి తలుపు మూసింది. బజారు మాయమైపోయింది. జీపు హారన్లు లేవు, బేరాలు లేవు, నూకరత్నం లేదు. అబ్బ, ప్రాణం ఎంత హాయిగా ఉందో! భాస్కరరావు కళ్లు మూసుకున్నాడు. పాపం శ్రద్ధగా వింటున్నాడని అద్దంలోంచి చూస్తున్న దివ్య అనుకుంది. పెద్దమనిషి నిద్రపోయాడు.

ఒక్క వేలూ లేవలేదు. రెండు చెవులూ పోయాయని దివ్య జాలిగా చెప్పి, వాడి చూడమని రెండు చెవి మిషన్లు ఇచ్చింది. నిద్రపోయానని పదిమందిలో చెప్పుకోవడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

శుక్రవారం సంతలో నూకరత్నం దగ్గరుండి ఆ మిషన్లు ఆయన చెవుల్లో పెట్టి, సౌండు పూర్తిగా పెంచింది. అప్పటికే వార్త కొండలన్నీ ఎక్కేసింది. ఏటా ఆయన దగ్గరే కొనే సోములమ్మ ఒక కుండ ఎత్తి, ఎందుకైనా మంచిదని, ఆయన చెవి పక్కనే పెట్టి కొట్టింది. "సావుకారూ, ఇదెలాగుందో సెప్పు."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "పగిలింది, పక్కనెట్టు," అన్నాడు. ఇంకోటి కొట్టింది. అదీ పగిలిందన్నాడు. ఎన్ని కొట్టినా అదే మాట. ఆవిడ కొట్టడం మానితే చాలునన్నది ఆయన బాధ. జనం ఊరుకుంటారా? చెవిటి షావుకారు బండెడు పగుళ్ల కుండలు తెచ్చి అమ్ముతున్నాడని తలో దారీ పట్టారు.

ఇన్నేళ్ల పేరు ఒక్క పూటలో గంగలో కలిసింది. భాస్కరరావుకి ఏడుపొచ్చింది. మిషన్లు పీకి జేబులో పడేసి, నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. సోములమ్మకి జాలేసింది. ఉత్తి చేతులతో ఎలా వెళ్తానని, అటు చివరి నుంచి ఒక చిన్న కుండ ఎత్తి, అలవాటుకొద్దీ మెల్లిగా వేలితో తట్టింది.

"అదొద్దు సోములమ్మా," అన్నాడు ఆయన తల ఎత్తకుండానే. "అడుగున పగులుంది. ఇంకోటి సూసుకో."

ఆవిడ అందులో నీళ్లు పోయించింది. అడుగునుంచి చుక్కలు కారాయి. వెళ్లిపోయిన జనమంతా వెనక్కి తిరిగారు. సాయంత్రానికి ఆ పగులు కుండ ఒక్కటే మిగిలింది.

"మరి వేన్లో ఏలెందుకెత్తనేదు?" నూకరత్నం నిలదీసింది.

"నిద్దరోయానే. అక్కడ సప్పుడు నేదు. ఉన్నంతసేపూ తలనొప్పి కూడా నేదు."

దివ్య మళ్లీ పరీక్ష చేసి, చెవులు నిక్షేపంలా ఉన్నాయనీ, తలనొప్పివల్ల చిన్న చప్పుడు కూడా ఆయనకి భరించలేనంత పెద్దదిగా తోస్తోందనీ చెప్పింది. నూకరత్నం మర్నాడు పొద్దున్నే తనకీ తల పట్టేసిందంటూ వ్యాను ముందు నిలబడింది. వెనకాలే పక్కకొట్టువాళ్లు, ఆ వెనకాల జీపుల డ్రైవర్లు.

శిబిరం ముగిసేసరికి అరకు బజారులో సగంమందికి బొత్తిగా వినబడదని రిపోర్టు తయారైంది.